పిల్లల ఉబ్బసము: తొలి గంట
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగము)



ధనుర్మాసపు రాత్రి. ఊరంతయు నిద్రించుచున్నది. ఒక యింటిలో ఏడేండ్ల పిల్లవాడు దగ్గుచు లేచి కూర్చున్నాడు. రొమ్ములో పిల్లికూతలు వినబడుచున్నవి. తల్లి వీపు నిమురుచున్నది. తండ్రి వాకిలి వైపు చూచి, "ఇంత రాత్రివేళ ఎక్కడికి పోగలము? తెల్లవారనిమ్ము, చూతము" అనుచున్నాడు. ఇట్టి రాత్రిని మీలో పలువురు చూచియే యుందురు. ఆ "తెల్లవారనిమ్ము" అను మాటను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచినాను.

2014లో బ్రిటనులో ఉబ్బసపు మరణములపై ఒక జాతీయ సమీక్ష వెలువడినది. పిన్నలు, పెద్దలు కలిసి 195 మంది మరణములను వైద్యులు పరిశీలించిరి. వారిలో నూటికి 45 మంది వైద్యసహాయము కోరకమునుపో, అత్యవసర చికిత్స అందక మునుపో కన్నుమూసిరి. ఆస్పత్రులకు, వాహనములకు కొదువలేని దేశములోనే ఆలస్యము ఇంత పని చేసినది. మన పల్లెలలో తొలి గంట ఎంత విలువైనదో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఉబ్బసము వచ్చినపుడు రొమ్ములో జరుగునదేమి? ఊపిరి గొట్టముల చుట్టునున్న కండరములు బిగిసికొనును. లోపలి పొర వాచును. కఫము చేరును. గాలిని లోనికి పీల్చుకొనుట కంటె వెలుపలికి విడుచుట కష్టమగును. బిగిసిన కండరములను సడలించు మందు సాల్బుటమాల్. దీనిని ఇన్‌హేలరు ద్వారా పీల్చినచో కొలది నిమిషములలోనే పనిచేయును. వాపును తగ్గించు స్టెరాయిడు మందునకు మాత్రము కొన్ని గంటలు పట్టును. కనుకనే చికిత్స ఎంత ముందుగా మొదలిడిన అంత మేలు.

ఉబ్బసమున్నదని డాక్టరు నిర్ణయించిన పిల్లవానికి ఆయాసము రాగానే చేయవలసిన పనులివి. మొదట వానిని నిటారుగా కూర్చుండబెట్టవలెను, పరుండబెట్టరాదు. బిగుతు దుస్తులు వదులు చేయవలెను. చుట్టు గుంపు కూడరాదు. తల్లి కంగారు పడినచో బిడ్డ మరింత కంగారు పడును.

పిమ్మట ఇన్‌హేలరును బాగుగా కుదిపి స్పేసరు అను గొట్టమునకు తగిలించి, ఒక్కమారు నొక్కి, బిడ్డచే అయిదారు మార్లు నెమ్మదిగా ఊపిరి పీల్పించవలెను. మరల కుదిపి, మరల నొక్కవలెను. అన్నియు ఒక్కసారిగా నొక్కరాదు. డాక్టరు వ్రాసి యిచ్చిన మోతాదే మీకు ప్రమాణము. సామాన్యముగా అయిదేండ్ల లోపు వారికి 2 మార్లు, పైబడిన వారికి 4 మార్లు. ఇరువది నిమిషములలో గుణము కనబడనిచో మరల అంతే. అవసరమైనచో మూడవ పర్యాయము. ఆ గంటలో నెమ్మదింపకున్నను, నెమ్మదించి మూడు నాలుగు గంటలలోనే తిరిగి వచ్చినను ఆస్పత్రికి బయలుదేరవలెను. నెమ్మదించినచో మరునాడు డాక్టరునకు చూపవలెను.

స్పేసరు లేనిదే చిన్నపిల్లలకు మందు ఊపిరితిత్తులకు చక్కగా చేరదు. చాలభాగము నోటిలోను, గొంతులోను నిలిచిపోవును. కొనుటకు వీలు లేనివారు నిరుత్సాహపడ నక్కరలేదు. 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు ప్లాస్టిక్ శీతలపానీయపు సీసా అడుగున, ఇన్‌హేలరు మూతి పట్టునంత రంధ్రము చేసి, సందు లేకుండ జిగురుతో అతికి పరీక్షించిరి. అది కొన్న స్పేసరుతో సమానముగా పనిచేసినది. మీ ఆరోగ్య కేంద్రములో అడిగి దీనిని చేయు విధము నేర్చుకొనుడు.

"ఇన్‌హేలరు పట్టినచో అలవాటు పడిపోవును, అది చివరి మందు" అని కొందరు భయపడుదురు. ఒక లెక్క చెప్పెదను. ఒక్కమారు నొక్కినచో వచ్చు సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. అదే మందు గల ద్రవము ఒక చెంచాలో 2 మిల్లీగ్రాములుండును. అనగా ఇరువది మార్లు నొక్కినంత! త్రాగిన మందు ఒడలంతయు తిరిగి ఆలస్యముగా రొమ్మును చేరును. పీల్చిన మందు కొంచెమే అయినను నేరుగా చేరును. దీనిలో ఏది భారమో మీరే తేల్చుకొనుడు.

చేయరాని పనులు కొన్ని కలవు. సాంబ్రాణి, కర్పూరము, ఆకుల పొగ వేయరాదు. పొగ గొట్టములను మరింత బిగించును. నిద్ర పట్టించు దగ్గుమందు ఈయరాదు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేపమందు మ్రింగించు కుటుంబములు అనేకము. విశ్వాసము ఎవరిది వారిది. కాని దానిని నమ్మి ఇన్‌హేలరును పారవేయరాదు. అర్ధరాత్రి ఆయాసమును ఆపునది ఇన్‌హేలరే.

ఇక ప్రమాద చిహ్నములు. బిడ్డ రెండు మాటలు కలిపి పలుకలేకపోవుట, పాలు, నీరు త్రాగలేకపోవుట, డొక్కలు ఎగురవేయుట, పెదవులు నీలి రంగుకు తిరుగుట, మగతగా తూలుట. ఇవి కనబడినచో గంట గడచువరకు ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో ఆరంభమైన ఆ సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నది. వాహనము వచ్చువరకు, దారి పొడవునను ఇన్‌హేలరు ఆపరాదు. మరియొక హెచ్చరిక: ఆయాసము తగ్గకుండగనే పిల్లికూతలు ఆగినచో మేలు కలిగినదని సంతోషింపరాదు. గాలి ఆడుట మరింత తగ్గినదనుటకు అది గుర్తు కావచ్చును.

ఎన్నడును ఉబ్బసము లేని బిడ్డ ఆడుచు, వేరుసెనగ గింజలు తినుచు హఠాత్తుగా దగ్గి ఆయాసపడినచో, అది గొట్టములో గింజ చిక్కుటయై యుండవచ్చును. ఇన్‌హేలరు వెదకుచు కాలము గడుపక ఆస్పత్రికి పరుగెత్తవలెను.

రాత్రివేళ పని తేలిక కావలెనన్నచో పగలే సిద్ధపడవలెను. ప్రతిదినము పీల్చవలసిన నివారణ మందును డాక్టరు వ్రాసినచో, బిడ్డ బాగున్నాడని మానరాదు. ఇన్‌హేలరులో సాధారణముగా 200 మోతాదులుండును. ఎన్ని మిగిలినవో లెక్క యుంచుకొనవలెను. బడి పంతులు గారికి ఈ సంగతి చెప్పి అచట నొకటి ఉంచవలెను. నూర్పిళ్ల ధూళి, గడ్డి కాల్చు పొగ, భోగి మంటలు, దీపావళి బాణసంచా, వంటయింటి కట్టెల పొగ, పెద్దల చుట్ట, బీడీ - వీనినుండి బిడ్డను దూరముగా నుంచవలెను.

మందు పేరు, మోతాదు, 108 అను అంకె ఒక కాగితముపై వ్రాయించి, దీపము వెలుగు పడుచోట గోడకు అంటింపుడు. ఇంటిలోని వారందరును దానిని ఒకమారు చదివి, పగటివేళ స్పేసరుతో అభ్యాసము చేయుడు. అప్పుడు ఆ ధనుర్మాసపు రాత్రి మరల వచ్చినను తండ్రి తెల్లవారుటకై ఎదురుచూడడు. ఇన్‌హేలరు తల్లి చేతికి అందించి, గడియారము వైపు చూచును.