దేహశుద్ధి - పంచాయతీ బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు గావించిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున పన్నులను గూర్చి, పద్దులను గూర్చి, తీర్మానములను గూర్చి మీరు చాల వినియున్నారు. నేను చెప్పబోవునది భోజనమును గూర్చి, మనశ్శాంతిని గూర్చి. ఇది వంటింటి సంగతి గదా, పంచాయతీకి దీనితో పనియేమి అని మీకు తోచవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు 29 కలవు. త్రాగునీరు, ఆరోగ్య పారిశుద్ధ్యములు, స్త్రీ శిశు సంక్షేమము అందులోనివే. కావున ఈ విషయము మీది కాదనుటకు వీలులేదు.

ఈ మధ్య పట్టణములందే గాక పల్లెలందును ఒక మాట తరచుగ వినవచ్చుచున్నది. శరీరమున విషములు పేరుకొనియున్నవట. కొన్ని దినములు అన్నము మాని పండ్ల రసములు, ఆకు రసములు మాత్రమే త్రాగినచో ఆ విషములు కడిగినట్లు పోవునట. చక్కెర వ్యాధి మొదలు మూత్రపిండ వ్యాధి వరకు అన్నియు నయమగునట. సెల్‌ఫోనులో ఇట్టి బోధలు విని, డాక్టరు వ్రాసి యిచ్చిన మందులు కూడ మానివేయువారు కలరు. ఈ బోధయందు మంచి యెంత, చెడు యెంత అను సంగతిని విడదీసి చెప్పుటయే నా ఉద్దేశము.

మంచిని ముందుగ చెప్పెదను. మితముగ తినవలెననుట, పండ్లు కూరగాయలు హెచ్చుగ వాడవలెననుట, ఉప్పు, చక్కెర, వేయించిన పదార్థములు తగ్గింపవలెననుట, మనస్సు నిర్మలముగ నుండవలెననుట - ఇవి యన్నియు మేలైన మాటలే. గాంధీమహాత్ముడు 1946లో పూనా సమీపమునగల ఉరుళీకాంచన్ గ్రామమున ప్రకృతి చికిత్సను ప్రారంభించినపుడు ఆయన దృష్టి బీదల ఆరోగ్యము మీదనే యుండెను. అయితే ఆరోగ్యముతోబాటు గ్రామ పారిశుద్ధ్యమును గూర్చియు ఆయన నొక్కి చెప్పెను. నేటి రసబోధకులు మరచినది ఈ భాగమునే.

శరీరమును శుద్ధిచేయు ఏర్పాటు మన లోపలనే కలదు. పెద్దవారి కాలేయము ఇంచుమించు కిలోన్నర తూగును. మనము తిన్న దానిలోను, త్రాగిన దానిలోను హాని కలిగించు పదార్థములను అది మార్చివేసి బయటికి పంపుటకు సిద్ధము చేయును. మూత్రపిండములు రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. పనికివచ్చు దానినంతయు తిరిగి రక్తమునకు అప్పగించి, లీటరున్నర మేర మాత్రమే మూత్రముగ విడుచును. ఊపిరితిత్తులు చెడుగాలిని, ప్రేగులు మలమును విసర్జించును. ఈ పని రాత్రింబవళ్ళు సాగుచునే యుండును. ఏ రసమును ఈ పనిని తాను చేయజాలదు. మనము చేయవలసినది ఒక్కటియే: ఈ అవయవములపై లేనిపోని బరువు మోపకుండుట.

ఇక రసము సంగతి చూతము. అనంతపురము, నల్లగొండ ప్రాంతముల బత్తాయి మన కందరకు ప్రియమైనదే. గ్లాసెడు రసము తీయుటకు మూడు నాలుగు కాయలు కావలెను. పిండినపుడు పీచు పిప్పితో కూడ పోవును. చక్కెర మాత్రము గ్లాసులో నిలుచును. కాయను ఒలిచి తొనలు తినినచో ఒకటి రెండింటితోనే తృప్తి కలుగును. చక్కెర మెల్లగ రక్తమున చేరును. పీచు మలబద్ధకమును తొలగించును. పండ్ల రసములోని చక్కెరను తేనె, పంచదారలతో సమానముగ లెక్కించి తగ్గింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అన్నము, పప్పు మాని వారముల తరబడి రసములతోనే గడిపినచో కండ తరిగిపోవును. దినమంతయు పొలమున పనిచేయు మనిషికి ఇది తగినది కాదు.

ఆరోగ్యవంతుడు ఒకపూట రసము త్రాగినంత మాత్రమున వచ్చు నష్టమేమియు లేదు. అపాయము రోగులకు. మీ గ్రామమునందు వారిని కనిపెట్టి చూడవలెను.

మొదటివారు చక్కెర వ్యాధిగలవారు. మాత్రలు, ఇన్సులిన్ వాడుచు ఆహారము మానినచో చక్కెర హఠాత్తుగ పడిపోయి స్పృహ తప్పవచ్చును. మందులు మాని రసములు త్రాగినచో చక్కెర మితిమీరి ప్రాణముమీదికి రావచ్చును.

రెండవవారు మూత్రపిండ వ్యాధిగలవారు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము కొబ్బరితోటలకు పేరుపొందిన సీమ. ఆ సీమలోనే మూత్రపిండ వ్యాధిచే ఎన్నో కుటుంబములు నలిగిపోయినవి. కొబ్బరినీరు చలువచేయునని మనమందరము నమ్ముదుము. ఆరోగ్యవంతుని విషయమున అది నిజమే. కాని కొబ్బరినీటియందును, పండ్ల రసములందును పొటాషియము హెచ్చుగ నుండును. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు. అది రక్తమున పెరిగినచో గుండె ఆగిపోవు ప్రమాదము కలదు. పాలకూర వంటి ఆకుల పచ్చిరసము నిత్యము అధికముగ త్రాగుటవలన మూత్రపిండములు దెబ్బతిన్న సందర్భములును వైద్యులు గుర్తించినారు.

మూడవది సొరకాయ రసము. చేదుగానున్న సొరకాయలో విషపదార్థము కలదు. దాని రసము త్రాగి రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలైనవారును, మరణించినవారును కలరు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము ఈ విషయమును విచారించినది. ముందుగ చిన్నముక్కను రుచిచూచి, చేదుగ నున్నచో ఆ కాయను పారవేయవలెనని ఆ సంఘము హెచ్చరించినది. ఔషధము చేదుగానే యుండునను మన నమ్మకము ఇచ్చట ప్రాణాంతకము.

నాల్గవది పచ్చకామెర్లకు పోయు పసరు. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలమందికి విశ్రాంతితో, తగిన ఆహారముతో వాటంతట అవే తగ్గును. ఆ పేరు పసరునకు వచ్చును. కాని కొందరికి కాలేయము త్వరితముగ పాడగును. గర్భిణీ స్త్రీలకు ఇట్టి కామెర్లు మరింత ప్రమాదకరము. పసరు పోయించి పత్యము పట్టించి నాలుగు దినములు వేచియుండునప్పటికి ఆసుపత్రివారు చేయగల సహాయము తక్కువగును. కన్నులు పచ్చబడిన మనిషిని ఆ దినముననే డాక్టరునకు చూపింపుడు.

ఇన్ని వద్దనుచున్నారే, మరి ఏమి తినవలెను అని మీ రడుగవచ్చును. సమాధానము మన పెరటిలోనే యున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీ రెరుగుదురు. ఆయన సోదరు లిరువురు సంగ్రహణి వ్యాధితో చనిపోయిరి. ఆయన అమెరికాలో పరిశోధన సాగించి, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగ తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకత్వము వహించిరి. లాటిన్ భాషలో ఆకు అను అర్థముగల పదమునుండి ఆ విటమినునకు పేరు వచ్చినది. ఏలయనగా దానిని పాలకూర ఆకులనుండి వేరుచేసిరి. రక్తము పట్టుటకును, గర్భమునందలి శిశువు సక్రమముగ పెరుగుటకును అది అవసరము. తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి, మునగాకు - ఇవి మన ఊళ్ళలో దొరకనివి కావు. పప్పుతో కలిపి వండినచో మాంసకృత్తులు, పీచు, విటమినులు ఒక్క గిన్నెలోనే లభించును. జామకాయలో విటమిను సి బత్తాయికన్న ఎన్నో రెట్లు హెచ్చు. ఉసిరి సంగతి చెప్పనక్కరలేదు.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, పెద్దవారి దినభోజనమున సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండవలెను; ధాన్యము 250 గ్రాములు చాలును. మన విస్తరిని తలచుకొనుడు: అన్నము కొండవలె, కూర చిటికెడు. ఈ నిష్పత్తిని మార్చుటయే నిజమైన శుద్ధి. రాగి, జొన్న, సజ్జ, కొఱ్ఱలను మనము మరచియుండగా, 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ఐక్యరాజ్యసమితి పాటించినది.

ఇప్పుడు విషములను గూర్చి చెప్పెదను. గ్రామస్థుని కాలేయమునకు నిజముగ చేటు తెచ్చునవి రెండు: ఒకటి సారాయి, రెండవది మురికినీరు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును ఎదిరించి నిలిచిరి. వారితో మొదలైన ఉద్యమము ఊరూర ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధింపబడినది. వారు ఏ రసమును పంచలేదు. విషము వచ్చు దారిని మూసిరి. దేహశుద్ధికి ఇంతకన్న గొప్ప దృష్టాంతము నాకు కనబడదు. మురికినీటి దారిని మూయుట మీ చేతిలోని పని. కాలువలో మునిగిన కొళాయి గొట్టము పగిలినచో కామెర్లు, విరేచనములు ఇంటింటికి చేరును. చివరి కొళాయియందు సైతము లీటరు నీటికి 0.2 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ క్లోరిన్ మిగిలియుండవలెనని ప్రమాణము. ట్యాంకులో మందు కలిపితిమని పుస్తకమున వ్రాసిన చాలదు. చివరి ఇంటి కొళాయివద్ద పరీక్షింపవలెను.

కడపట మనస్సు సంగతి. ఎంత మంచి భోజనము తినినను, నిద్రలేనివానికి, అప్పుల దిగులుతో క్రుంగినవానికి ఒంట పట్టదు. మనోవేదన బలహీనత కాదు. జ్వరమువలె అదియు చికిత్సకు లొంగునదే. పంట పోయిన రైతు మాట తగ్గించి, పదిమందిలో కలియక, అన్నము సహింపక యున్నచో, రచ్చబండ కడ పరిహాసము చేయక, ఇంటికి పోయి కూర్చుండి మాట్లాడుడు. అతడు చెప్పునది మధ్యలో త్రుంచక వినుడు. చనిపోవుదునని ఎవరైన అన్నచో తేలికగ తీసికొనవలదు; ఒంటరిగ విడువవలదు; పురుగుమందు చేతికందకుండ చూడుడు. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నెంబరునకు ఫోను చేసినచో, రాత్రియైనను పగలైనను, ఖర్చులేకుండ తెలుగులోనే సలహా లభించును. ఈ నెంబరును పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించుడు.

మీరు గ్రామమునకు తిరిగిపోయిన పిదప చేయదగిన పనులను సంగ్రహముగ మనవి చేయుచున్నాను. మొదటిది, నీటి పరీక్షా ఫలితమును ప్రతి నెలయు గ్రామస్థులకు తెలియునట్లు బోర్డుమీద వ్రాయించుట. రెండవది, బడియందును, అంగన్‌వాడీయందును ఆకుకూరల మడులు వేయించి, జామ, మునగ, ఉసిరి మొక్కలు నాటించుట. మూడవది, ఆశా కార్యకర్తతో, నర్సుతో కలిసి చక్కెర, మూత్రపిండ రోగులు మందులు మానకుండ చూచుట. నాల్గవది, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమును కాగితముమీద గాక నిజముగ సమావేశపరచి, ఈ విషయములను చర్చించుట. వీనిలో పెద్ద ధనము కావలసినది ఏదియు లేదు, పట్టుదల కావలెను.

ఊరి నీరు శుభ్రమైన, విస్తరిలో కూర పెరిగిన, కష్టమున నున్నవానికి పలుకరించు మనిషి దొరకిన, మన కాలేయము, మన మూత్రపిండములు తమ పనిని తాము చక్కగ చేసికొనును. ఆ మేర సహాయము చేయుట మీ పదవికి తగిన కార్యము.