ముందు నోటు పుస్తకం అడగండి

స్పీచ్ థెరపీ పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఇక విషయానికి వస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మాటకూ భాషకూ సంబంధించినది ఒకటి. చట్టం గుర్తించినా, మన మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాల్లోగానీ బడుల్లోగానీ స్పీచ్ థెరపిస్టు రోజూ దొరకరు. వారానికో అరగంట దక్కిన బిడ్డకు మిగతా రోజులన్నీ థెరపిస్టు లేని రోజులే. ఆ రోజుల్లోనూ బిడ్డ వెంట ఉండేది బడిసంచిలోని నోటు పుస్తకం. బడిలో మన చికిత్స అక్కడి నుంచే మొదలవ్వాలని నా వాదన.

బడికి వెళ్లగానే మీ చెయ్యి బొమ్మల కార్డుల మీదికి పోతుంది. కాస్త ఆగి, ముందు తెలుగు నోట్సు తెరవండి. కాకిని 'తాతి' అనే పిల్ల డిక్టేషన్‌లో 'కాకి' అని సరిగ్గా రాసిందంటే, ఆ రెండు ధ్వనులు వేరని ఆమెకు తెలుసన్నమాట. సాధన పలకడం మీద పెట్టవచ్చు. రాతలోనూ 'తాతి' వస్తుంటే ఆ తేడా తన చెవికి అందుతోందో లేదో ముందు తేల్చుకోవాలి, వినికిడి పరీక్షతో సహా. బోర్డు చూసి ఎక్కించిన పేజీ మాత్రం ఏమీ చెప్పదు. అందుకే ఏ పేజీ ఎలా రాయించారో టీచరును అడగాలి. ఇక 'భారతం'ను 'బారతం' అని రాసిన పిల్లవాడికి లోపం అంటగట్టకండి. ఎన్నో ఇళ్లలో ఆ అక్షరాన్ని ఒత్తి పలకరు. రాతను టీచరు దిద్దుతారు. ఇంటి యాసకు చికిత్స అక్కర్లేదు.

సాధన సంగతికొస్తే, గుర్రాన్ని 'గుల్లం' అనే బిడ్డ మీ గదిలో, మీ కార్డు ముందు, చక్కగా 'గుర్రం' అంటుంది. తరగతికి వెళ్లగానే మళ్లీ 'గుల్లం'. గదిలో వచ్చిన ధ్వని బయటి మాటలోకి దానంతటదే రాదని మీరు చదువుకున్నారు. ధ్వని, పదం, వాక్యం, సంభాషణ అని మెట్లు ఎక్కించేది అందుకే. ఆ పై మెట్లకు కావలసిన మాటలు కార్డుల మీద ఉండవు. రేపు చదవాల్సిన పాఠంలో, పక్కన కూర్చునే రాజు పేరులో, ఆరో ఎక్కంలో ఉంటాయి. వాటిలో ఐదు ఏరి నోట్సు చివరి పేజీలో రాసివ్వండి. తరగతిలో చెప్పినప్పుడు ఒక టిక్కు, ఇంట్లో చెప్పినప్పుడు ఒక టిక్కు. మళ్లీ వారం మీరు వెళ్లేసరికి ఏ మాట ఎక్కడ ఆగిపోయిందో ఆ పేజీలో కనిపిస్తుంది.

చదువు రాని అమ్మ ఏం చేస్తుందని అడుగుతారు. పదం పక్కన బొమ్మ గీయించండి. బిడ్డ చూపించి చెబుతుంది, అమ్మ వింటుంది. ఫోనుకు వీడియో పంపితే సరిపోదా అంటారు. నోరు ఎలా కదలాలో చూపడానికి వీడియో మంచిదే, కానీ చాలా ఇళ్లలో ఆ ఫోను పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం తోటి పిల్లలు చూసి వెక్కిరిస్తారన్నది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రోగ నిర్ధారణా స్కోర్లూ మీ ఫైల్లోనే ఉండాలి, బిడ్డ నోట్సులో వాటి ఊసే ఉండకూడదు. మీ చేతుల్లో ఎర్ర పెన్ను కనబడితే మాత్రం ఊరుకోను, ముందే చెబుతున్నాను! నత్తి ఉన్న బిడ్డ దగ్గర ఇంకా జాగ్రత్త. ఎన్నిసార్లు తడబడిందో టీచరు చేత లెక్క రాయించకండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఆ బిడ్డ నోరు విప్పడానికే జంకుతుంది. ఆ రోజు ఎవరితో మాట్లాడటం సులువుగా అనిపించిందో తననే రాసుకోనివ్వండి. ఆ పేజీ మీకు చూపించాలో వద్దో కూడా తన ఇష్టం.