ఇఖామా ఏడాది, కుక్క ఆయుష్షు పన్నెండేళ్ళు

(రేడియో ప్రసంగ పాఠం)

రియాద్, జెద్దా, దమ్మాం, అల్ ఖోబార్, జుబైల్ ఊళ్ళలో ఉన్న మన తెలుగు కుటుంబాలకీ, యజమానుల ఇళ్ళలో, ఊరవతల మజరాల్లో పనిచేస్తూ ఫోనులో ఈ కార్యక్రమం వింటున్న అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ స్వాగతం.

ఈ వారం మనం మాట్లాడుకోబోయేది పెంపుడు కుక్కల ఆరోగ్యం గురించి. "సౌదీలో కుక్కలేమిటండీ, మన కుటుంబాల్ని తెచ్చుకోవడానికే సవాలక్ష కాగితాలు కావాలి కదా" అని కొందరు నవ్వుకోవచ్చు. ఆ కాగితాల సంగతి కూడా ఈ ప్రసంగంలోనే ఉంది. నేను చెప్పదలచుకున్న అసలు విషయం కూడా అదే. అక్కడికి నెమ్మదిగా వద్దాం.

పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. 2008 జులైలో రియాద్‌లో కుక్కల్ని, పిల్లుల్ని అమ్మడం, బయట తిప్పడం కుదరదని మత పోలీసులు ప్రకటించారు. కుర్రాళ్ళు వాటిని వంకగా పెట్టుకుని ఆడవాళ్ళను పలకరిస్తున్నారన్నది అప్పట్లో చెప్పిన కారణం. అంతకు ముందు 2006లో జెద్దాలోనూ అలాంటి నిషేధమే వచ్చింది కానీ గట్టిగా అమలు కాలేదు. తర్వాత కాలం మారింది. 2016 ఏప్రిల్‌లో మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం పోయింది. 2020లో అల్ ఖోబార్‌లో కుక్కల్ని వెంటబెట్టుకుని వెళ్ళి కాఫీ తాగే హోటల్ కూడా తెరిచారు. ఒకప్పుడు కాంపౌండ్ గోడల లోపలే ఉండిపోయిన కుక్కలు ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తున్నాయి. చూసి మన పిల్లలు కూడా "నాన్నా, మనమూ ఒకటి తెచ్చుకుందాం" అంటున్నారు.

నిజానికి ఈ నేలకు కుక్క కొత్తదేమీ కాదు. హాయిల్ ప్రాంతంలో జుబ్బా, షువైమిస్ అనే చోట్ల రాళ్ళ మీద చెక్కిన బొమ్మలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఆ బొమ్మల్లో వేటగాడు విల్లు పట్టుకుని, నడుముకు కట్టిన తాళ్ళతో కుక్కల్ని వెంట తీసుకెళ్తూ కనిపిస్తాడు. అవి ఎనిమిది వేల ఏళ్ళకు పైబడినవి కావచ్చని పరిశోధకుల అంచనా. ఇక బెదువిన్లకు సలూకీ వేటకుక్క అంటే ఎంత గౌరవమో ఇక్కడ పనిచేసినవాళ్ళకు తెలుసు. దాహంతో రొప్పుతున్న కుక్కకు బావిలో నీళ్ళు తోడి పట్టినవాడి పాపాలను దేవుడు మన్నించాడన్న హదీసు కథ ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. స్వర్గద్వారం దగ్గర కూడా కుక్కను వదలనన్న ధర్మరాజు కథ మనకు తెలిసినట్టే.

అయితే ఒక మర్యాద మరిచిపోకూడదు. కుక్క లాలాజలం తగిలితే శుద్ధి చేసుకోవాలన్నది ఇక్కడివాళ్ళ నమ్మకం. నమాజుకు వెళ్ళే మనిషికి మీ కుక్క మూతి తగిలిందంటే ఆయన బట్టలు మార్చుకోవాల్సి రావచ్చు. అందుకని లిఫ్టులోకి ఎవరైనా వస్తే మనమే దిగి పక్కకు తప్పుకోవాలి. తాడు లేకుండా తిప్పకూడదు. మసీదు దారిలో అసలు వద్దు.

సరే, ఆరోగ్యం సంగతికి వద్దాం. సౌదీలో కుక్కకు మొదటి శత్రువు ఎండ. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది దాదాపుగా పాదాల మెత్తల దగ్గరే. అది చల్లబడాలంటే నాలుక బయటపెట్టి రొప్పాలి. జెద్దా, ఖోబార్ లాంటి సముద్రతీరాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రొప్పినా పెద్దగా ఫలితం ఉండదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు రొప్పడానికే ఊపిరి చాలదు. మంచు దేశాల కోసం పుట్టిన హస్కీకి ఒత్తైన బొచ్చు. ఈ రెండు రకాలూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ, 45 డిగ్రీల దేశంలో వాటిని తెచ్చి పెట్టుకోవడం వాటికి శిక్షే.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో మనుషులకే నిబంధన ఉంది కదా. కుక్క విషయంలో మనం ఇంకా కఠినంగా ఉండాలి. వేసవిలో తెల్లవారుజామున, లేకపోతే బాగా పొద్దుపోయాక మాత్రమే తిప్పండి. బయలుదేరే ముందు మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం" అని కారులో వదిలి వెళ్ళడం ఎప్పుడూ వద్దు. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. ఇక్కడ సలహా మారింది, గమనించండి. వెనకటి రోజుల్లో తడిగుడ్డ కప్పి డాక్టరు దగ్గరికి పరుగెత్తమనేవారు. కప్పిన గుడ్డ కాసేపటికే వేడెక్కి, ఒంటి వేడిని లోపలే ఆపేస్తుంది. ముందు చల్లబరచండి, ఆ తర్వాతే తరలించండి అని బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. అంటే నీడకు తెచ్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వాలి. ఆ తర్వాత కారులో ఏసీ వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ లేని కుక్క నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.

రెండోది తిండి. మన ఇళ్ళలో కుక్కకు పెరుగన్నం పెట్టడం అలవాటు. అప్పుడప్పుడు కొద్దిగా అయితే పరవాలేదు గానీ, రోజంతటికీ అదే అంటే మాంసకృత్తులు చాలవు. ఉల్లి, వెల్లుల్లి పడిన పప్పు, సాంబారు, కూరలు దాని నెత్తురుకు హాని చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ తింటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చాక్లెట్ కూడా విషమే. కొన్ని చూయింగ్ గమ్ముల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం మరీ ప్రమాదం. ఇక కబ్సాలో మిగిలిన ఎముకలు వేయడం ఇక్కడ మామూలు. ఉడికిన ఎముక పెళుసుగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఖర్జూరం గింజ చిన్న కుక్కల పేగుకు అడ్డం పడవచ్చు.

ప్రేమ పేరుతో ఎక్కువ పెట్టడం కూడా మంచిది కాదు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల్ని పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. జతలో ఒకదానికంటే 25 శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఏసీ గదిలో పడుకుని తినే కుక్కలకు ఈ మాట మరీ వర్తిస్తుంది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, అది గుర్తు.

మూడోది టీకాలు. పిల్లగా ఉన్నప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ లాంటి ముఖ్యమైన టీకాలు ఆ తర్వాత ఏటా అక్కరలేదనీ, మూడేళ్ళకొకసారి చాలనీ ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. రేబిస్ టీకా మాత్రం స్థానిక చట్టాన్ని బట్టి, మందు సీసా మీదున్న గడువును బట్టి వేయించాలి. పిడుదులు, కొందరు గోమార్లు అంటారు, వీటి విషయంలో పెద్ద మార్పే వచ్చింది. నెలకో, మూడు నెలలకో ఒకసారి వేసే మాత్రలు వచ్చాయి. మూర్ఛ వచ్చే కుక్కలకు ఆ మాత్రలు సరిపడకపోవచ్చు కాబట్టి డాక్టరును అడగకుండా వాడకండి. ఇంటి మూలల్లో, మంచాల కింద కూడా బతికే గోధుమరంగు పిడుదు ఇక్కడ ఉంది. కుక్కతో పాటు ఇంటినీ శుభ్రం చేయాల్సిందే.

నాలుగోది మనసు. కుక్కకు మనసేమిటి అనుకునే రోజులు పోయాయి. వేసవి నాలుగు నెలలూ ఫ్లాట్‌లో బందీ అయిపోయిన కుక్క సోఫా కొరికిందంటే అది పొగరు కాదు, తోచకపోవడం. తిండిని గిన్నెలో పోసేయకుండా చాపలో చుట్టో, గదిలో అక్కడక్కడా దాచో వెతుక్కోమనండి. నడకలో వాసన చూస్తూ ఆగితే గొలుసు లాగకండి, దానికి వాసన చూడ్డమే మనం పేపరు చదివినట్టు. కొట్టి నేర్పడం కంటే మెచ్చుకుని నేర్పడమే మంచిదని జంతు ప్రవర్తన నిపుణులు తేల్చి చెబుతున్నారు.

ఇప్పుడు యజమానుల కుక్కల్ని చూసుకునే మన అన్నదమ్ములకు ఒక మాట. మజరాల్లో కాపలా కుక్కలకు మేత వేసేది, కడిగేది మీరే. సౌదీలో రేబిస్ పూర్తిగా పోలేదు. నక్కల్లో, వీధికుక్కల్లో, అవి కరిచిన ఒంటెల్లో కూడా కేసులు బయటపడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 59 వేల మంది ఈ జబ్బుతో పోతున్నారు. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళు దాదాపు లేరు. అందుకని కుక్క గానీ నక్క గానీ కరిస్తే, గీరినా సరే, వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టవద్దు. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. ఆరోగ్య శాఖ ఫోను నంబరు 937. "కఫీల్ కోప్పడతాడేమో" అని దాచుకోకండి తమ్ముడూ. ఆయన కోపం రెండు రోజుల్లో పోతుంది, ప్రాణం అలా కాదు కదా.

ఇక మొదట్లో అన్న కాగితాల సంగతి. మన ఇఖామా ఏడాదికొకసారి కొత్తది చేయించుకునేది. కుక్క బతికేది పదీ పన్నెండేళ్ళు. 2017 జులైలో కుటుంబ సభ్యుల మీద నెలకు తలకు 100 రియాళ్ళ రుసుము పెట్టి, ఏటా వంద పెంచుతూ 2020 నాటికి 400 చేసినప్పుడు ఎన్ని కుటుంబాలు సామాను అమ్ముకుని ఇంటికి వెళ్ళాయో మనకు తెలుసు. అలాంటి రోజున కుక్కను ఏం చేస్తాం? ఏసీ గదిలో పెరిగినదాన్ని కాంపౌండ్ గేటు బయట వదిలితే వేసవిలో ఎన్నాళ్ళు బతుకుతుంది? సౌదీలో 2013 నుంచి గల్ఫ్ దేశాల ఉమ్మడి జంతు సంక్షేమ చట్టం ఉంది, జంతువుల్ని నిర్లక్ష్యం చేస్తే జరిమానాలున్నాయి. కానీ చట్టం సంగతి తర్వాత. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గర మన కోసం ఎదురుచూసిన జీవం అది.

ఇంటికి తీసుకెళ్ళడానికి దారి ఉంది. కాకపోతే అది ముందునుంచీ సిద్ధపడినవాళ్ళకే. భారతదేశంలోకి పెంపుడు కుక్కల్ని సామానుతో పాటు తెచ్చుకునే సౌకర్యం, విదేశంలో వరుసగా రెండేళ్ళు ఉండి నివాసం మార్చుకుని వచ్చేవారికి, మనిషికి రెండు వరకు ఇచ్చారు. ముందుగా జంతు క్వారంటైన్ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. హైదరాబాద్ విమానాశ్రయంలోనూ ఆ శాఖ ఉంది. రేబిస్ టీకా వేసి నెల దాటి ఉండాలి, ఏడాది దాటకూడదు. ఇక్కడి పర్యావరణ, నీటి, వ్యవసాయ శాఖ నుంచి ఆరోగ్య పత్రం కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక మనకు ఉండేది 60 రోజులు. టీకా వేయించకుండా ఉంటే అందులో 30 రోజులు దాని కోసమే పోతాయి. మిగిలిన 30 రోజుల్లో పత్రాలు, విమానం, పంజరం, సామాను, పిల్లల టీసీలు. పైగా ఎండాకాలంలో చాలా విమాన సంస్థలు కుక్కల్ని, అందులోనూ చప్పిడి ముక్కు జాతుల్ని, తీసుకోవు. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు రెండు దేశాల శాఖలనూ ఒకసారి అడగండి.

అందుకే నా మనవి. కుక్కను తెచ్చిన మొదటి నెలలోనే మూడు పనులు చేయండి. చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ వేయించండి. టీకా పుస్తకంలో ఆ నంబరు రాయించి, పుస్తకాన్ని పాస్‌పోర్టులతో పాటు దాచండి. కుక్క పేరు మీద నెలనెలా కొంత డబ్బు, దాని విమానం ఖర్చు కోసం, పక్కన పెట్టండి. ఇవి కుదరవనుకుంటే కొనడం మానేసి, సెలవుల్లో ఊరు వెళ్ళే పొరుగువారి కుక్కను నెల రోజులు చూసుకోండి. పిల్లల ముచ్చట తీరుతుంది, దాని బాధ్యత ఎంతో కూడా తెలుస్తుంది.

కుక్క ఆరోగ్యమంటే సూదిమందు, ఖరీదైన తిండి మాత్రమే కాదండీ. రేపు మనం ఎక్కడికి వెళ్తామో, దాన్ని ఎలా తీసుకెళ్తామో ముందే ఆలోచించుకోవడం కూడా అందులో భాగమే. మాట వినే ఆ జీవానికి మన వీసాల సంగతి తెలియదు. తెలిసిన మనమే దాని తరఫున లెక్క చూసుకోవాలి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ రాత్రే దాని టీకా పుస్తకం తీసి తేదీ చూడండి.