కొరియా భాషాధ్యయనము – తెలుగు విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



తెలుగు గ్రంథాలయపు పండుగనాడు కొరియా భాషను గూర్చిన ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. కాని ఆ భాష మన పొలిమేరకు వచ్చి నిలిచినది. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి కడ కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి నారంభించినది. సత్యవేడు ప్రాంతపు శ్రీసిటీలో ఎల్.జి. సంస్థవారి కర్మాగారమునకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగినది. సరిహద్దు దాటి శ్రీపెరుంబుదూరు వైపు పోయినచో, అచట 1998 నుండియే హ్యుందాయ్ కార్లు తయారగుచున్నవి. కనుక ఇంటరు ముగించిన పిల్లవాడు కొరియా భాషలో బి.ఏ. చదివెదనన్నచో తండ్రి నవ్వి త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఆ చదువు కూడు పెట్టునా యని యడుగును. పెట్టినను మన భాష వానికి మిగులునా యనియు నడుగును. రెండును న్యాయమైన ప్రశ్నలే.

మొదటి ప్రశ్నకు పొరుగుననున్న కడపయే ఉత్తరము చెప్పగలదు. సి.పి. బ్రౌను 1820లో కడపకు వచ్చినది పద్యములపై మక్కువచేత గాదు, కుంపిణీ కొలువుచేత. కొలువునకై నేర్చిన తెలుగు ఆయనను వేమన కడకు గొనిపోయినది. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించెను. కడపలో పండితులను పోషించి, తాటాకు ప్రతులను చేర్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. పిదప నిఘంటువులు కూర్చెను. జీతమునకై భాష నేర్చుట తప్పు గాదు. జీతము చేతికి రాగానే పుస్తకము మూసివేయుటయే కొఱత.

ఈ భేదము కొరియా చదువునందును కలదు. టోపిక్ అను భాషాపరీక్ష 1997 నుండి జరుగుచున్నది. అందు ఆఱు శ్రేణులు. ఉద్యోగమునకు దాని పత్రము పనికివచ్చును గాని దాని యాయువు రెండేండ్లే. విశ్వవిద్యాలయపు చదువు వేఱు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున కొరియా భాషలో బి.ఏ., ఎం.ఏ. పట్టములు కలవు. అచట భాషతోపాటు ఆ దేశచరిత్ర, సాహిత్యము, అనువాదము చదువవలెను. ఇది ఏకపక్షమైన వ్యవహారము గాదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసిన 1954వ సంవత్సరముననే సియోలు నగరమున హాంకుక్ విదేశభాషా విద్యాలయము వెలసినది. కొరియాలో యుద్ధము నిలిచి అప్పటికి ఏడాదియైన కాలేదు. ఇల్లు కూలినవారు పరభాషలకొక బడి కట్టుకొనిరి! అచట మన హిందీని నేర్చు కొరియా విద్యార్థులును కలరు.

విద్యార్థికి మొదట ఆశ్చర్యము గొలుపునది లిపి. పూర్వము కొరియావారు చీనా లిపితో వ్రాసికొనెడివారు. వేల గుర్తులు నేర్చుట సేద్యము చేయువానికి సాధ్యమా? సేజోంగ్ అను రాజు 1443లో 28 అక్షరముల క్రొత్తలిపిని కల్పించి 1446లో ప్రకటించెను. వానిలో నేడు వాడుకనున్నవి 24. వాని రూపములు చిత్రమైనవి. గకారపు గుర్తు నాలుక మొదలు గొంతు నడ్డగించిన తీరు. నకారము నాలుక కొన పైకెత్తిన తీరు. మకారము నోటి యాకారము. సకారము పంటి యాకారము. కంఠ్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని మన శిక్షాశాస్త్రమును కొంచెమైన నెఱిగినవాడు ఈ లిపిని శీఘ్రముగా పట్టుకొనును. అచ్చును హల్లును ఒక్క గడిలో కూర్చుట మన గుణింతమునకు దూరము గాదు. చీనా లిపిని విడనాడుట అనాగరికమని చో మాన్రీ మొదలగు ఆస్థాన పండితులు 1444లో రాజునకు విన్నపము వ్రాసిరి. సంస్కృతముండగా తెనుగేల యన్నవారు మనకును లేకపోలేదు గదా!

ఆ రాజు కాలముననే తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) తిరుమల కొండపై వాడుక పలుకుబడిలో సంకీర్తనలు పాడుచుండిరి. ఒకరి యునికి ఇంకొకరికి తెలియదు. తాళ్లపాకవారి పాటలు రాగిరేకుల కెక్కి భాండారమున నిలిచినవి. కొరియాలోని హెయిన్సా విహారమున 13వ శతాబ్దమున చెక్కిన బౌద్ధ త్రిపిటకపు కొయ్యపలకలు 81 వేలకు పైగా నేటికిని కలవు. ఆచార్య నాగార్జునుని గ్రంథముల చీనా అనువాదములును వానిలో నున్నవి. నాగార్జునకొండ పేరు విన్నవారికి ఆ కొయ్యపలకలు పరాయివి గావు.

వ్యాకరణమునకు వత్తము. ‘నానున్ పాబుల్ మొగొత్తా’ యన్నది కొరియా వాక్యము. నేను, అన్నమును, తింటిని. పదముల వరుస మనదే. క్రియ తుదకు వచ్చును, విభక్తి నామము వెనుక చేరును. పలుకరింపు కూడ మన యూరిదే: ‘అన్నము తింటివా?’ యని వారును అడుగుదురు. తండ్రిని ‘అప్పా’ యందురు. ‘రా’ యనుటకు ‘వా’ యందురు. అరవము వినుచు పెరిగిన చిత్తూరువారికి అది నేర్పనక్కఱలేదు. హోమర్ హల్బర్టు అను అమెరికా దేశస్థుడు ఇట్టి పోలికలు చూపుచు, కొరియా భాషను ద్రావిడభాషలతో పోల్చి 1905లో గ్రంథమే వ్రాసెను. నేటి భాషావేత్తలు ఆ చుట్టఱికము నంగీకరింపరు. నాలుగు మాటలు కలిసినంతనే దాయాదులు గారు. అయినను పోలిక నేర్చువానికి ఊతకఱ్ఱ వంటిది, ఊతగానే వాడుకొనవలెను.

లెక్కలు వ్రాయువారికి వినోదమగు సంగతి యొకటి కలదు. కొరియావారికి అంకెల వరుసలు రెండు, ఒకటి దేశీయము, ఇంకొకటి చీనా నుండి వచ్చినది. గంటలకు దేశీయపు అంకె, నిమిషములకు చీనా అంకె; రొక్కమునకు చీనా అంకెయే. మనమును గొఱ్ఱెలను ఒకటి, రెండు అని లెక్కించి, తిథులను పాడ్యమి, విదియ యని చెప్పుట లేదా?

ఇక రెండవ ప్రశ్న. కొరియా భాషలో ఎదుటివాని వయస్సును, హోదాను బట్టి క్రియ తుదిరూపము మాఱును. చిన్నవానితో ‘వారా’, పెద్దవారితో ‘ఒసెయొ’, మిక్కిలి గౌరవమున ‘ఒషిప్షియొ’. రమ్ము, రండి, దయచేయుడు అన్నట్లే. ఇంగ్లీషున ఈ మూటికిని ఒక్క మాటయే. కర్మాగారమున కొరియా యజమాని మాటను ఇంగ్లీషులోనికి మార్చుకొని, దానిని మరల తెలుగు చేయు దుబాసీ ఆ గౌరవమును దారిలో పాఱవేసికొనును. ఏబదియేండ్ల కార్మికుని చెవిని అది ‘రా’ యని పడును. అతడు నొచ్చుకొనును, యజమానికి కారణము తెలియదు. ఇది దుబాసీ కొరియా భాష రాక చేసిన తప్పు గాదు, తెలుగును చేత పట్టుకొనక చేసిన తప్పు. తెలుగు మరచినవానికి కొరియా చదువున సగము మూలధనము ముందే పోయినట్లు.

అందుచేత ఢిల్లీకి పోవు పిల్లవాని పెట్టెలో ఇంగ్లీషున వ్రాసిన కొరియా వ్యాకరణముతోపాటు చిన్నయసూరి బాలవ్యాకరణమును కూడ ఉంచి పంపుడు. ద్వితీయా విభక్తి కడ రెండు పుస్తకములును తెఱచి ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనును.