తెర మీద కారు, రోడ్డు మీద కారు

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు అంశం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఆసుపత్రిలో కారు రేసు ఆటల గురించి ప్రసంగమేమిటి అనుకోవచ్చు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి ఇళ్ళలోనూ, ఏళ్ళ తరబడి షుగరు వ్యాధితో ఉన్నవారి ఇళ్ళలోనూ ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "నాన్నగారు మనవడి కంప్యూటర్లో కారు ఆట చక్కగా ఆడుతున్నారు డాక్టరుగారూ, ఇక అసలు కారు తాళాలు ఇవ్వొచ్చా?" ఈ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. తెర ముందు కూర్చుని నడిపే ఆ బండి నిజం బండిలా అనిపించాలంటే దానిలో ఏమేమి ఉండాలి? ఇది తెలిస్తే మన శరీరం బండిని ఎలా నడుపుతుందో తెలుస్తుంది. ఆ శరీరంలో ఒక భాగం దెబ్బతిన్నప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది.

బండి నడపడం కళ్ళ పని అని చాలామంది అనుకుంటారు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే ఆట అంత నిజంగా ఉంటుందని పిల్లలు పెద్ద తెర కొనమంటారు. నిజానికి మనం కదులుతున్నామని మెదడుకు చెప్పే ముఖ్యమైన అవయవం చెవి. వినే చెవి కాదు, దాని లోపల ఎముకలో దాగి ఉన్న చిన్న నిర్మాణం. అక్కడ ప్రతి వైపునా మూడు అర్ధవలయ నాళాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం వెనకబడి, ఎటు తిరిగామో చెబుతుంది. వాటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. వాటిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు అంటుకుని ఉంటాయి. బస్సు డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలినట్టే ఆ స్ఫటికాలూ ముందుకు జరుగుతాయి. వేగం పెరిగిందా, తగ్గిందా, తల ఎటు వంగి ఉంది అనే కబురు అక్కడి నుంచే మెదడుకు వెళుతుంది.

ఈ స్ఫటికాలకు ఒక బలహీనత ఉంది. బండి ముందుకు దూకినప్పుడు అవి వెనక్కి జరుగుతాయి. మనం కూర్చున్న కుర్చీని వెనక్కి వాల్చినా అవి వెనక్కే జరుగుతాయి. కళ్ళు మూసుకుంటే ఈ రెంటికీ తేడా వాటికి తెలియదు. పెద్ద సిమ్యులేటర్లు తయారుచేసే ఇంజనీర్లు ఈ బలహీనతనే పట్టుకున్నారు. కిటికీలు లేని గదిలో మనిషిని కూర్చోబెట్టి, ఎదుట తెర మీద రోడ్డు చూపిస్తూ, గది మొత్తాన్ని మెల్లగా వెనక్కి వాలుస్తారు. కళ్ళకు రోడ్డు సమంగానే కనిపిస్తుంది, వీపు కుర్చీకి అదుముకుంటుంది. మెదడు "కారు వేగం అందుకుంది" అని నమ్ముతుంది. ముందుకు వంచితే బ్రేకు పడిందనుకుంటుంది.

అయితే ఈ మాయ చాలా మెల్లగా చేయాలి. సెకనుకు సుమారు 3 డిగ్రీలకంటే వేగంగా వంచితే, ఆ మూడు నాళాలు "ఇది బ్రేకు కాదు, నన్ను వంచుతున్నారు" అని పసిగట్టేస్తాయి. భూమ్యాకర్షణలో సగమంత బలం అనిపించాలంటే 30 డిగ్రీలు వంచాలి. అంటే పది సెకన్లు. నిజం కారులో గట్టి బ్రేకు అర సెకనులో పడుతుంది కదా! అందుకే ముందు గదిని పట్టాల మీద ఒక్కసారిగా తోసి, ఆ తోపు అయిపోయేలోగా మెల్లగా వంచుతారు. జపానులో టొయోటా సంస్థ 2007లో చూపించిన సిమ్యులేటర్లో మనిషి కూర్చునే గుండ్రటి గది ఒక దిశలో 35 మీటర్లు, మరో దిశలో 20 మీటర్లు జరుగుతుంది. ఒక కారు నడుపుతున్న భ్రమ కలిగించడానికి అంత పెద్ద హాలు కావలసి వచ్చింది. అంత చేసినా ఫార్ములా వన్ రేసు కారు బ్రేకు వేసినప్పుడు డ్రైవరు మీద పడే బలం భూమ్యాకర్షణకు సుమారు అయిదు రెట్లు. గదిని ఎంత వంచినా ఒక రెట్టుకు మించి రాదు. రేసు కారు అసలు బరువును ఏ వంపూ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఇలాంటి యంత్రాల్లో పేరుమోసిన తొలి యంత్రం పుట్టింది ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారంలో. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రి పియానోలు, ఆర్గన్లు తయారు చేసేవారు. 1929లో లింక్ ఆ ఆర్గన్లలో గాలి ఊదే తిత్తులనే ఉపయోగించి, నేల మీదే ఊగుతూ వంగే చిన్న విమానాన్ని తయారుచేశాడు. మొదట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో తపాలా మోసిన సైనిక పైలట్లు చెడు వాతావరణంలో వరసగా చనిపోయాక సైన్యం ఆరు యంత్రాలు కొంది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలాది వైమానికులు వాటిలోనే శిక్షణ పొందారు. సిమ్యులేటర్ అనేది ప్రాణాలు కాపాడే పనికి వచ్చిన వస్తువు. 

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. మలుపులో ముందు టైర్లు పట్టు కోల్పోయే ముందు స్టీరింగు చేతిలో తేలికవుతుంది. అనుభవమున్న డ్రైవరు దాన్ని కంటితో చూడడు, అరచేతితో వింటాడు. అందుకే మంచి ఆట పరికరాల్లో స్టీరింగు వెనక మోటారు పెట్టి ఆ బరువును, ఆ తేలికదనాన్ని చేతికి అందిస్తారు. కుర్చీ కింద చిన్న అదురు యంత్రాలు పెట్టి రోడ్డు గరుకును పిరుదులకు చెబుతారు.

కాళ్ళ విషయం నేను కాస్త ఎక్కువ చెబుతాను. మనకు ఈ రోజు అసలు కావలసింది ఇదే.

చవక ఆట పరికరాల్లో బ్రేకు పెడల్ ఎంత దూరం కిందికి వెళ్ళిందో కొలుస్తారు. నిజం కారులో పెడల్ పెద్దగా కదలదు. దాని మీద మీరు ఎంత బలంగా నొక్కారో, అంత బ్రేకు పడుతుంది. అందుకే ఆటను నిజం చేయాలనుకునేవారు మొదట మార్చేది తెరను కాదు, బ్రేకును. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటాలో బరువు కొలిచే లోడ్ సెల్ ఉంటుంది. అలాంటిదే పెడల్ వెనక పెడతారు. అప్పుడు కాలు నొక్కిన బలం కొలుస్తుంది. దూరంకంటే బలాన్నే కాలు బాగా గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ఈ మలుపు దగ్గర ఎంత బలంగా నొక్కానో ఈ రోజూ అంతే నొక్కగలుగుతారు. ఆ ఒక్క మార్పుతో ఆట తీరే మారిపోయిందని ఆడేవారు చెబుతారు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. షుగరు వ్యాధి వల్ల పాదాల నరాలు దెబ్బతిన్న మనిషి నిజం కారులో కూర్చున్నాడు. కారు అసలుదే, బ్రేకు అసలుదే, రోడ్డు విజయవాడ హైవే. కానీ పాదం నుంచి మెదడుకు కబురు రావడం లేదు. ఆయన చవక పెడల్ ఉన్న ఆట ఆడుతున్నట్టే లెక్క. పాదం బ్రేకు మీద ఉందా, యాక్సిలరేటర్ అంచు మీద ఉందా, ఎంత బలంగా నొక్కుతోంది అనేది తలవంచి చూస్తే తప్ప తెలియదు. ట్రాఫిక్కులో తలవంచి చూసే సమయం ఉంటుందా? కళ్ళ పరీక్ష బాగుంది, చేతులు బాగున్నాయి, ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. ఇవేవీ ఆ లోటును తీర్చవు.

ఈ లోటు రోగికంటే ముందు ఇంట్లోవారికే కనిపిస్తుంది. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, ఆయన మాత్రం ఇంకా వేసుకున్నట్టే రెండడుగులు వేస్తారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే వాష్‌బేసిన్ దగ్గర తూలుతారు. ఎందుకంటే కళ్ళు మూసుకుంటే పాదాల కబురు మీదే నిలబడాలి, అది రావడం లేదు. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకుంటారు. ఇలాంటివి కనిపిస్తే మాకు చెప్పండి. 10 గ్రాముల బలంతో వంగే సన్నటి నైలాను పోగును పాదానికి తాకించి, మోగే శృతిదండాన్ని బొటనవేలి ఎముక మీద ఆనించి అయిదు నిమిషాల్లో పరీక్ష చేయవచ్చు. నొప్పి ఉండదు. స్కూటరు, మోటారు సైకిలు నడిపేవారికీ ఇది వర్తిస్తుంది. వారి వెనక బ్రేకు పాదం కిందే ఉండవచ్చు, బండి ఆపగానే బరువంతా మోయాల్సింది కూడా ఆ పాదమే.

ఇక కళ్ళు తిరగడం గురించి. అరకు ఘాట్‌రోడ్డులో బస్సులో పుస్తకం చదివితే కడుపులో తిప్పుతుంది. కళ్ళు "కదలడం లేదు" అంటాయి, చెవి "కదులుతున్నాం" అంటుంది. ఆట ముందు దీనికి సరిగ్గా వ్యతిరేకం. కళ్ళు వంద కిలోమీటర్ల వేగం చూస్తుంటాయి, చెవి మాత్రం "కుర్చీలోనే ఉన్నాం" అంటుంది. ఆవలింతలు, చెమట, తలనొప్పి, వికారం వస్తాయి. కొందరికి ఆట ఆపాక కూడా గంటల తరబడి ఉంటాయి. 1950ల చివర్లో అమెరికాలో హెలికాప్టర్ సిమ్యులేటర్ల గురించి రాసినవారు ఒక వింత గమనించారు. కొత్తగా నేర్చుకునేవారికంటే బాగా అనుభవమున్న పైలట్లకే ఎక్కువ వికారం వచ్చింది. అసలు కదలిక ఎలా ఉండాలో వారి మెదడుకు బాగా తెలుసు, అందుకే తేడా వెంటనే పట్టుకుంది. కాబట్టి ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషికి మనవడి ఆటలో కళ్ళు తిరిగితే అది రోగమని కంగారు పడకండి. తెర ఆపి, కిటికీ తెరిచి, దూరంగా చూడమనండి. ఆ వెంటనే మాత్రం బండి తీయనివ్వకండి.

మంచం మీద అటు తిరిగితే గది గిర్రున తిరగడం వేరు. చెవిలోని ఆ సున్నపు స్ఫటికాలు ఊడి నాళాల్లోకి వెళ్ళినప్పుడు అలా జరుగుతుంది. తలను ఒక వరసలో తిప్పి వాటిని తిరిగి చోటుకి చేర్చవచ్చు. చాలామందికి మందు కూడా అక్కరలేదు. అది తగ్గేవరకు నిచ్చెన ఎక్కరాదు, బండి నడపరాదు.

సిమ్యులేటర్లో ఎప్పటికీ రానిది ఒకటి ఉంది. అది భయం. బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో అనే యువకుడు గ్రాన్ టూరిస్మో అనే ఆట ఆడుతూ 2011లో ఒక పోటీ గెలిచి అసలు రేసు డ్రైవరయ్యాడు. 2013లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. 2023లో ఆయన కథ సినిమాగా వచ్చింది. మా అబ్బాయీ అలాగే అవుతాడు అనేవారు, పోటీ గెలిచాక ఆయన్ను నెలల తరబడి నిజం కార్లలో నడిపించాకే రేసుకు పంపారన్న సంగతి మరచిపోతారు. 2015లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో ఆయన కారు గాలిలోకి లేచి కంచె దాటి పడింది. ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. ఆటలో అలా జరిగితే మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక బటన్ ఉంటుంది.

ఇంతమాత్రాన సిమ్యులేటర్ పనికిరాదని నేను అనను. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. అలాంటి పట్టణ రోడ్ల మీద ముందుగా సాధన చేసే వీలుండదు గనుక ఆ జట్లు మలుపులన్నీ సిమ్యులేటర్లోనే నేర్చుకుని వస్తాయి. ఎక్కడ ఏ మలుపు ఉందో, ఎప్పుడు చూపు ఎటు తిప్పాలో అది బాగా నేర్పుతుంది. చూపు, శ్రద్ధ, నిర్ణయం, వీటికి అది మంచి గురువు.

పక్షవాతం వచ్చినవారికి అది సాయపడేది కూడా ఇక్కడే. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు లోకం ఉన్నట్టే తోచదు. కంటికి కనిపించినా మనసుకు ఎక్కదు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపు వదిలేసి "ఇంకాస్త పెట్టు" అంటారు. మన దేశంలో బండి ఎడమవైపు నడుస్తుంది. సైకిలు, ఆగిన ఆటో, రోడ్డు దాటే పాప, అన్నీ ఆ ఎడమ అంచునే ఉంటాయి. ఆయనకు తన లోటు తెలియదు గనుక "నేను బాగానే నడుపుతాను" అని నిజాయితీగానే అంటారు. తెర మీద ఎడమనుంచి వచ్చిన ఆవును గుద్దినప్పుడు, ఎవరికీ దెబ్బ తగలకుండానే ఆ లోటు బయటపడుతుంది.

బెల్జియంలో 83 మంది పక్షవాత రోగులతో జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. కొందరికి నిజం కారులో అమర్చిన సిమ్యులేటర్ మీద అయిదు వారాల్లో 15 గంటలు శిక్షణ ఇచ్చారు. మిగిలినవారికి అంతే సమయం కాగితం మీద, ఆటల రూపంలో అభ్యాసాలు చేయించారు. తరువాతి పరీక్షల్లో సిమ్యులేటర్ మీద నేర్చుకున్నవారిలో 73 శాతం మందికి, మిగిలినవారిలో 42 శాతం మందికి బండి నడపడానికి అనుమతి వచ్చింది. అది పక్కన నిపుణులు కూర్చుని చేయించిన శిక్షణ. శిక్షణ పొందినవారిలో కూడా నాలుగో వంతు మందికి అనుమతి రాలేదు, గమనించండి.

అందుచేత నాన్నగారు ఆట బాగా ఆడితే సంతోషించండి. చూపు, ఆలోచన కోలుకుంటున్నాయనడానికి అదొక గుర్తు. చెవి, పాదం, కుడికాలి బలం గురించి ఆ ఆట మనకేమీ చెప్పలేదు. అవి మేము విడిగా చూడాలి. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో మూర్ఛలు, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్ళు తిరగడం ఉన్నాయా అని అడుగుతారు. అక్కడ "లేదు" అని రాసే ముందు ఇంట్లోవారు కూడా ఒకసారి ఆలోచించాలి. తాళాలు దాచేసి మాట దాటవేయకండి. పెద్దవారికి అది అవమానంగా ఉంటుంది. "డాక్టరుగారు చూసి చెప్పేవరకు ఆగుదాం నాన్నా" అనండి. కాదనే మాట మా నోటినుంచి రానివ్వండి, ఇంట్లో గొడవ తగ్గుతుంది.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆయన ఏ బండి నడుపుతారో, రోజూ ఎంత దూరమో, రాత్రి పూట నడుపుతారో లేదో రాసుకుని రండి. కళ్ళజోడు తీసుకురండి. బండి నడిపేటప్పుడు ఆయన వేసుకునే చెప్పులు కూడా తెండి. మడమ పట్టీ లేని వదులు చెప్పులా, మందం అట్టవా అన్నది పాదం పరీక్షతోపాటే చూస్తాం.