చిన్న ఊళ్లకు చేదోడు

కరెంటు ఖర్చు తగ్గించుకోవాలని ప్రతి మునిసిపాలిటీకీ ఉంటుంది. కానీ చిన్న ఊళ్లలో అందుకు కావాల్సిన లెక్క తీసే ఇంజనీరు దొరకడు.

ఐరోపా సంగతి చూడండి. 2008లో యూరోపియన్ కమిషన్ మేయర్ల ఒడంబడికను ప్రారంభించింది. 2020 నాటికి కర్బన ఉద్గారాలను కనీసం 20 శాతం తగ్గిస్తామని పట్టణాలు సంతకాలు చేశాయి. సంతకం చేసిన ఏడాదిలోగా ప్రణాళిక ఇవ్వాల్సి ఉండేది. అంతకుముందు బడులు, వీధిదీపాలు, ఇళ్లు, వాహనాలు ఎంత ఇంధనం వాడుతున్నాయో తేల్చాల్సి ఉండేది. నన్నడిగితే అసలు పని అదే. ఆ లెక్క లేని ప్రణాళిక, కొలతలు తీయకుండా కుట్టిన చొక్కా లాంటిది.

స్పెయిన్‌లో బార్సిలోనా ప్రాంతీయ పాలక మండలి తన పరిధిలోని చిన్న ఊళ్లకు ఈ లెక్కల్లో, ప్రణాళికల్లో తోడు నిలిచింది.

మరి డబ్బు? 2009లో ఐరోపా పెట్టుబడుల బ్యాంకు ద్వారా 'ఎలెనా' అనే సహాయ పథకం వచ్చింది. భవనాల ఇంధన తనిఖీ, టెండరు పత్రాల తయారీ లాంటి ముందస్తు పనుల ఖర్చులో 90 శాతం దాకా అది భరిస్తుంది. మంచి ఆలోచనలు ఆగిపోయేది సరిగ్గా ఆ మెట్టు దగ్గరే కాబట్టి, ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. అయితే చెప్పిన పెట్టుబడి పెట్టకపోతే, తీసుకున్న సాయం తిరిగి కట్టాల్సి రావచ్చు.