గాలి లేని చోట మంట

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి ఇంతవరకు మాట్లాడుకున్నాం. కార్యదర్శి గారు నన్ను ఓ పది నిమిషాలు వేరే విషయం ఏదైనా చెప్పమన్నారు. నేను సైన్సు చదివినవాడిని కాను, ముప్పై అయిదేళ్లు ఫైళ్లు కట్టినవాడిని. అయినా ఈ విషయం మా ఇంట్లో ఒక పాత లెక్కను తేల్చింది కనుక చెబుతున్నాను.

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 ఎగరడం టీవీలో చూస్తున్నాం. అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు అడిగింది: "తాతా, గ్లాసు బోర్లిస్తే దీపం ఆరిపోతుంది కదా, గాలి అందక. పైన గాలే లేదంటారు. మరి రాకెట్టు ఎలా మండుతోంది?" నాకు జవాబు తెలియదు. "రేపు చూద్దాం" అన్నాను. మన ఆఫీసు అలవాటు. ఆ రేపు కాస్తా నెలయ్యేసరికి, హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మిత్రుణ్ణి ఆశ్రయించాను.

మంటకు కావలసింది గాలిలోని ఆక్సిజన్. పొయ్యిలో ఊదుగొట్టంతో ఊదేది అందుకే. విమానం ఇంజను దారిలో గాలి పీల్చుకుంటుంది కనుక ఒక ఎత్తు దాటి పోలేదు. రాకెట్టు అలా కాదు. పరాయి ఊళ్లో నీళ్లు దొరకవని కూజా వెంట పట్టుకెళ్లే ప్రయాణికుడిలా తన ఆక్సిజన్ తానే మోసుకుపోతుంది. చంద్రయాన్‌ను తీసుకెళ్లిన రాకెట్టు పై దశలో ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల చలిలో, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల చలిలో వేర్వేరు ట్యాంకుల్లో ఉంటాయి. అక్కడ మండే 6 కిలోల్లో సుమారు 5 కిలోలు ఆక్సిజనే! పి.ఎస్.ఎల్.వి. రెండో దశలోని వికాస్ ఇంజనుకైతే అగ్గిపుల్ల కూడా అక్కరలేదు. దాని రెండు ద్రవాలూ కలిస్తే చాలు, వాటంతటవే అంటుకుంటాయి. ఈ పంపులూ గొట్టాలూ సరిగా అందించాలి, అంతే. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజనిక్ ఇంజనుతో వెళ్లిన జి.ఎస్.ఎల్.వి. హైడ్రోజన్ అందించే పంపు ఆగిపోయి సముద్రం పాలైంది. 2014 జనవరి 5న గాని గెలవలేదు.

గాలి లేకపోతే దేన్ని తన్ని ముందుకు పోతుందని కొందరి సందేహం. దోనెలోంచి గట్టుకు దూకితే దోనె వెనక్కి పోతుంది. దానికి గాలితో పనిలేదు. రాకెట్టు కూడా తన పొగనే వెనక్కి తోసి ముందుకు పోతుంది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1920లో గొడార్డ్ అనే శాస్త్రజ్ఞుణ్ణి ఈ మాట మీదే ఎగతాళి చేసి, అపోలో-11 బయల్దేరిన మర్నాడు, అంటే 1969 జూలై 17న, పొరపాటు ఒప్పుకుంది. 49 ఏళ్ల పెండింగు ఫైలు!

ఇక అసలు సంగతి. 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.-3లో నాలుగు దశలూ ఘన ఇంధనమే. ఇప్పటి ఘన ఇంధనంలో అల్యూమినియం పొడి, రబ్బరు లాంటి జిగురు, వాటితోపాటు అమోనియం పెర్‌క్లోరేట్ అనే ఉప్పు ఉంటాయి. ఆక్సిజన్ ఆ ఉప్పులోనే ఉంది. ఒకసారి అంటిస్తే అయిపోయేదాకా ఆగదు. మిత్రుడు ఇది చెప్పి, "మన చిచ్చుబుడ్డిలో సురేకారం చేసే పని అదేనయ్యా" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది.

1960ల మొదట్లో ఎస్. రాయవరంలో మా మేనమామ దీపావళికి ఇంట్లోనే మందు కూరేవాడు. సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు, ఇనుప రజను. ఒక ఏడు చాప మీద ఆరబోసిన మందులో మతాబా రవ్వ పడింది. పక్కన పిల్లలం ఉన్నాం. మామయ్య గోనె సంచి మీద కప్పి రెండు చేతులతో అదిమిపట్టాడు. మంట ఆరలేదు, గోనె కిందే భగ్గుమంది. కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకుపోయాయి. కరణం గారి దగ్గర రాతపని చేసుకునే మనిషి, ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు. "గోనె తడిపి ఉండాల్సింది, ఇంకా గట్టిగా అదిమి ఉండాల్సింది" అని చివరిదాకా తననే తిట్టుకున్నాడు. మా అమ్మమ్మా అదే అనేది. నేనూ నమ్మాను.

ఎంత అదిమినా ఆ మందు ఆరేది కాదండీ. దాని గాలి దానిలోనే ఉంది. తప్పు ఆయన చేతులది కాదు. ఈ మాట చెబుదామంటే మామయ్య పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "అమ్మకు చెప్తాను బావా" అన్నాడు.

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోనే ఘన ఇంధనం అంటుకొని ఆరుగురు పోయారు. 2025 ఏప్రిల్ 13న మన కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా పేలి ఎనిమిదిమంది పోయిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఇళ్లలో పిల్లలు మందు దగ్గర ఉన్నప్పుడు అది అంటుకుంటే, ఎవరూ దేనితోనూ మూయబోవద్దు. పిల్లల్ని లాక్కుని దూరంగా పొండి. మా మనవరాలికి ఇదే చెప్పాను. సెలవు.